బడిలో ఇచ్చిన సైకిల్ అన్న తొక్కుతున్నాడు. పుదుక్కోట్టైలో ఏం చేశారు?

ఒంగోలు_మాస్టారు | ఆదివారం, ఉదయం 7:12

ప్రకాశం జిల్లా పడమర వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఊరి పేరు అక్కర్లేదు. మా బడికి నాలుగు పల్లెల పిల్లలు వస్తారు. అందులో ఒకటి ఆరు కిలోమీటర్ల దూరం. ఆ పల్లె నుంచి ఎనిమిదో తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలు ఉండేవాళ్ళు. పదికి వచ్చేసరికి నలుగురు మిగిలారు. ఆ నలుగురూ వారంలో రెండు రోజులు రారు.

ఒక పిల్లని "నీ సైకిల్ ఏమైందమ్మా?" అని అడిగితే "అన్న పాలకి తీసుకెళ్తాడు సార్" అంది. నిన్న వాళ్ళింటికి వెళ్ళి చూశాను. సైకిల్ ఉంది. ముందు బుట్ట పీకేశారు. పాల క్యాన్లు తగిలించడానికి క్యారియర్‌కి రెండు వైపులా ఇనప కొక్కేలు వెల్డింగ్ చేయించారు. సీటు ఎంత పైకి ఎత్తారంటే ఆ పిల్ల కాలు పెడల్‌కి అందదు. వాళ్ళ నాన్న చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, "ఆడపిల్ల ఆ దోవన ఒక్కతే ఎట్టా పోద్ది సార్?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

తొంభైల్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో లక్ష మంది ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారని ఎప్పుడో చదివాను. అసలు ఎలా జరిగింది? ప్రభుత్వం సైకిళ్ళు పంచిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చిన్నోడు_2.0 | 7:31

టైటిల్లో సైకిల్ చూసి ఎలక్షన్ పోస్ట్ అనుకుని పరిగెత్తుకుంటూ వచ్చా!

మోడరేటర్ | 7:50

ఈ జోకు ఇంకో నలుగురు వేస్తారని తెలుసు. గుర్తుల గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. ఇక్కడ వేస్తే తీసేస్తాను.

పెన్న_ఒడ్డు | 9:05

మాస్టారూ, పంచలేదు. అదే అసలు సంగతి.

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో నేను వాలంటీరుని. పుదుక్కోట్టై కబుర్లు మాకు అప్పుడే చేరేవి. అక్కడి ఉద్యమం పేరు అరివొళి ఇయక్కం. అరివొళి అంటే జ్ఞానపు వెలుగు. 1991లో మొదలైంది. చదువు చెప్పేవాళ్ళలోనూ, నేర్చుకునేవాళ్ళలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. రాత్రి క్లాసులకి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలి. బస్సు ఉండదు. ఉన్నా తిరిగి రావడానికి ఉండదు. తండ్రో, మొగుడో, తమ్ముడో సైకిల్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్తేనే ప్రయాణం. ఆ మనిషికి తీరిక లేకపోతే ఆ రోజు క్లాసు లేనట్టే.

అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఇది పట్టుకున్నారు. చదవడం, రాయడం, లెక్కలు, వాటితో పాటు సైకిల్. నాలుగో పాఠం అన్నమాట. ముందు కార్యకర్తలు నేర్చుకున్నారు, తర్వాత వాళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళకి నేర్పారు. సైకిల్ కొనుక్కోవడానికి బ్యాంకులు అప్పులిచ్చేలా చేశారు. ఒక పాట కూడా కట్టారు, చెల్లెమ్మా సైకిల్ నేర్చుకో అనే అర్థం వచ్చేలా. ఆదివారాలు నేర్చుకునే శిబిరాలు. 1992 మహిళా దినోత్సవం వారంలో 1,500 మందికి పైగా ఆడవాళ్ళు హ్యాండిల్‌కి జెండాలు కట్టుకుని, బెల్లులు కొట్టుకుంటూ పుదుక్కోట్టై ఊళ్ళోకి వచ్చారు. ఏడాదిన్నరలో లక్ష దాటారు. జర్నలిస్టు పి. సాయినాథ్ (మన వి.వి. గిరి గారి మనవడే) ఆ జిల్లాలో తిరిగి ఇవన్నీ రాశారు. పదేళ్ళలోపు పిల్లల్ని పక్కన పెడితే, జిల్లా పల్లెల్లో నలుగురు ఆడవాళ్ళలో ఒకరికి పైగా సైకిల్ వచ్చినవాళ్ళేనని ఆయన లెక్క.

ఎవరనుకున్నారు వాళ్ళు? క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, పొలం కూలీలు, ఊరి నర్సులు, అంగన్‌వాడీ వాళ్ళు, బళ్ళో మధ్యాహ్నం వంట చేసేవాళ్ళు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. కొందరికి అవే నచ్చాయి. మధ్య రాడ్డు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు కదా!

పానా_పట్టకారు | 10:22

రాడ్డు సంగతి చెబితే నవ్వొచ్చింది అమ్మా. మా నాన్నకి తెనాలి దగ్గర అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది. గంటకి అర్ధరూపాయి. ఆడపిల్లలకి అద్దెకిచ్చేవాళ్ళు కాదు, పడితే మాట వస్తుందని. మా నాన్న ఇచ్చేవాడు, కానీ అద్దె పుస్తకంలో వాళ్ళ తమ్ముడి పేరు రాసేవాడు. "సీత" అని ఉండాల్సిన చోట "సీత తమ్ముడు" అని. మొన్న పాత పుస్తకం ఒకటి దొరికితే చూశాను, ఒకే పేజీలో అట్లాంటి తమ్ముళ్ళు తొమ్మిది మంది.

ఒంగోలు_మాస్టారు | 10:40

పెన్న_ఒడ్డు గారూ, చేతులెత్తి నమస్కారం. మరి ఊళ్ళో మగవాళ్ళు ఊరుకున్నారా? నా భయమంతా అక్కడే.

పెన్న_ఒడ్డు | 11:15

ఊరుకోలేదు. బూతులు, ఈలలు, వెకిలి మాటలు. ఒక్కతే పోతే మాటంటారు. ముప్పై మంది పోతే ఏమంటారు? గొంతు ఎవరి మీద లేపాలో తెలియదు కదా. అక్కడ కుదిరింది అదే. తోవలో ఒక్కొక్కరే కనిపించడానికి ముందే ఊరు ఊరంతా వాళ్ళని గుంపుగా చూసేసింది.

నేను కూడా నేర్చుకున్నాను, ముప్పై రెండేళ్ళ వయసులో. కుచ్చిళ్ళు చైన్లో పడి గ్రీజు మరకలయ్యేవి. పమిట నడుముకి చుట్టి, కుడివైపు కుచ్చిళ్ళకి పిన్నీసు పెట్టుకునేదాన్ని. మా అత్తగారు మూడు నెలలు మాట్లాడలేదు. నాలుగో నెల మోకాలి నొప్పికి హాస్పిటల్‌కి తీసుకెళ్ళమని క్యారియర్ మీద తనే ఎక్కి కూర్చుంది.

ఒక మాట మాత్రం ఉంది. మా నెల్లూరులో అక్షరాలతో పాటు వచ్చింది సైకిల్ కాదు, సారా మీద కోపం. వాచకంలో సీతమ్మ కథ చదివి, దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అందరికీ తెలుసు. అది జిల్లా దాటి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా పోయింది. దేనికి మండుతుందో ఆ ఊళ్ళో వాళ్ళకి తెలుస్తుంది. పైనుంచి మనం ముందే రాసిపెట్టలేం.

లెక్కల_పిచ్చి | మధ్యాహ్నం 1:03

పంచితే పని జరగదు అన్నట్టు వెళ్తోంది చర్చ. కొంచెం ఆగండి.

బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి చూశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. మగపిల్లలకీ ఆడపిల్లలకీ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. లాభం ఎక్కువగా కనిపించింది బడి మూడు కిలోమీటర్ల కన్నా దూరంగా ఉన్న ఊళ్ళలో. మాస్టారి ఆరు కిలోమీటర్ల పల్లె సరిగ్గా ఆ లెక్కలోకే వస్తుంది.

చైన్‌రింగ్ | 2:47

హైదరాబాద్ నుంచి రెండు మాటలు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్, పైన సోలార్ కప్పు, 2023 అక్టోబరులో తెరిచారు. బాగుంటుంది, కాదనను. కానీ మా గ్రూపులో సగం మంది అక్కడికి కార్లో సైకిల్ వేసుకుని వెళ్తారు. నేనూ అంతే! మణికొండలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మాత్రం రోజూ పద్నాలుగు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తొక్కుకుంటూ వస్తాడు. అతని కోసం ఎక్కడా గీత కూడా గీయలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1992 సెప్టెంబరులో మొదలైన క్రిటికల్ మాస్ లాంటిది మన దగ్గర చేస్తే? నెలకొకసారి, చివరి శుక్రవారం సాయంత్రం, వందలమంది కలిసి రోడ్డెక్కడం. "మేం ట్రాఫిక్‌ని ఆపట్లేదు, మేమే ట్రాఫిక్" అనేది వాళ్ళ మాట.

చిన్నోడు_2.0 | 3:10

రెండు లక్షల సైకిల్ మీద, లైక్రా నిక్కర్లో విప్లవం. సరే అన్నా.

చైన్‌రింగ్ | 3:12

లక్షా ఇరవై. ఈఎంఐ ఇంకా నడుస్తోంది.

మానేరు68 | సాయంత్రం 5:36

ఆడపిల్లల సంగతి పెద్దలు చెప్పారు. నేను వేరేది చెబుతాను. అదీ సైకిల్ సంగతే.

మా తాత దగ్గర ఒక సైకిల్ ఉండేది. కరీంనగర్ జిల్లాలో మా ఊరు. వాడ నుంచి బజారుకి పోవాలంటే గడీ ముందు నుంచే తోవ. గడీ దర్వాజ కనబడగానే దిగాలి. చెప్పులు విడిచి క్యారియర్‌కి పెట్టుకుని, సైకిల్ చేత పట్టుకుని నడిపించుకుంటూ పోవాలి. మూల తిరిగినాక ఎక్కాలి. దొర లోపల ఉన్నడో, పట్నంల ఉన్నడో ఎవరికీ తెలియదు. అయినా దిగాలి. మా నాయన చిన్నప్పుడు ముందు రాడ్డు మీద కూర్చుని, "ఎందుకు దిగినం?" అని అడిగేవాడట. తాత "గాలి తక్కువున్నది బిడ్డా" అనేవాడట. చాలా ఏళ్ళు మా నాయన ఆ టైరుకి ఆడనే గాలి పోతది అనుకున్నాడు.

గడీలు పోయినయి. మా ఊరి గడీలో ఇప్పుడు పావురాలున్నయి. కాని సైకిల్ అంటే దూరం తగ్గించేది మాత్రమే అని ఎవరన్నా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఎవడు ఎక్కి కూర్చోవచ్చు, ఎవడు దిగాలి అన్నదాంట్లోనే రాజకీయం ఉన్నది.

కాన్షీరామ్ సాబ్‌కి ఇది తెలుసు. 1983 మార్చి 15న, అంటే తన పుట్టినరోజునాడు, డీఎస్ఫోర్ (దళిత శోషిత్ సమాజ్ సంఘర్ష్ సమితి) తరఫున ఢిల్లీ నుంచి సైకిల్ యాత్ర తీశారు. వంద మంది దాకా మనుషులు, నలభై రోజులు, ఏడు రాష్ట్రాలు. "రెండు చక్రాలు, రెండు కాళ్ళ మహిమ" అని వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. జీపులకి పైసలు లేకనే సైకిల్ పట్టారు, నిజమే. కాని జీపు ఊరి బయట ఆగుతది, సైకిల్ వాడలోకి వస్తది. మనలాంటోడే, మనలాంటి బండి మీద, దిగకుండా వస్తుంటే చూసినోళ్ళకి ఏమనిపిస్తదో ఆలోచించండి. మరుసటి ఏడు ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతినాడు బీఎస్పీ పుట్టింది. 1995 జూన్‌లో మాయావతి యూపీ ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యలో పన్నెండేళ్ళు. ఒక్క రాయి విసరకుండా.

పెన్న_ఒడ్డు | 6:20

బాబూ, "గాలి తక్కువున్నది బిడ్డా" దగ్గర ఆగిపోయాను. కాసేపు ఏమీ రాయలేకపోయాను.

విజయవాడ_పాతబస్తీ | 6:58

సుందరయ్య గారిని మర్చిపోయారా? పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళిన మనిషి. ఇల్లెందు ఎమ్మెల్యేగా గుమ్మడి నర్సయ్య గారు కూడా సైకిల్ వదల్లేదు. ఇప్పటి నాయకులు పర్యావరణ దినోత్సవం రోజు ఫోటోకి తొక్కి, వెనకాల కాన్వాయ్‌లో ఎక్కుతారు.

మానేరు68 | 7:15

మరచిపోలేదు సార్, గౌరవం ఉంది. కాని ఆయన సైకిల్ వేరు, మా తాత సైకిల్ వేరు. కారెక్కగలిగిన మనిషి సైకిల్ తొక్కితే అది నిరాడంబరత. దిగాల్సినోడు దిగకపోతే అది ఇంకోటి. రెండింటినీ ఒక్క గాటన కట్టొద్దు.

ఉట్రెక్ట్_నుంచి | రాత్రి 11:48 (మీకు)

నెదర్లాండ్స్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి సైకిళ్ళ ఫోటోలు చూసి "వాళ్ళ సంస్కృతే అంత" అంటారు మనవాళ్ళు. అది తప్పు. యాభై, అరవైల్లో ఇక్కడా కార్ల కోసం ఇళ్ళు పడగొట్టి రోడ్లు వెడల్పు చేశారు, సైకిల్ తొక్కేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక జర్నలిస్టు పత్రికలో రాసిన వ్యాసానికి పెట్టిన పేరే ఉద్యమం పేరైంది: స్టాప్ డె కిండర్‌మోర్డ్, పిల్లల హత్యలు ఆపండి. ప్రమాదాలు అనలేదు, చూడండి. హత్యలు అన్నారు. అక్కడే సగం గెలిచారని నాకనిపిస్తుంది.

తల్లులు వీధుల్లో బల్లలు వేసి పిల్లల్ని ఆడించారు, కార్లకి దారి మూసేశారు. సైకిళ్ళ మీద పాటలు పాడుకుంటూ ప్రధాని యోప్ డెన్ అయిల్ ఇంటికి వెళ్ళారు. ఆయన బయటికొచ్చి విన్నారు. 1973 చమురు సంక్షోభం కూడా కలిసొచ్చింది. ఆ నవంబరు నుంచి కొన్ని ఆదివారాలు కార్లు బంద్. ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్ళారా చూశారు.

మా పాప ఇప్పుడు ఒక్కతే బడికి తొక్కుకుంటూ పోతుంది. ఏడేళ్ళు. ఆ మాస్టారి పోస్ట్ చదివాక పొద్దున దాని సీటు వైపు చాలాసేపు చూశాను.

ఇంకో ముక్క. 1897లో కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళకి డిగ్రీలివ్వాలా వద్దా అని ఓటింగ్ పెడితే, వద్దన్న మగ విద్యార్థులు సైకిల్ మీద కూర్చున్న ఆడమనిషి దిష్టిబొమ్మ చేసి సెనేట్ హౌస్ ఎదురుగా వేలాడదీశారు. పుస్తకం పట్టుకున్న బొమ్మ కాదు, సైకిల్ బొమ్మ. వాళ్ళకి ఏది భయమో వాళ్ళే చెప్పేశారు. డిగ్రీలు 1948లో వచ్చాయి.

చిన్నోడు_2.0 | సోమవారం, ఉదయం 8:05

అందరూ బాగా ఎమోషనల్ అవుతున్నారు కాబట్టి అడుగుతున్నా, తిట్టకండి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. ఇంటింటికీ స్కూటీ ఉంది. 1992లో సైకిల్ గొప్పే. ఇప్పుడెందుకు?

సుధ_అంగన్‌వాడీ | 8:40

తిట్టను తమ్ముడూ. మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఫ్రీయే, వస్తే. స్కూటీకి పెట్రోలు ఎవరు పోస్తారు? పదమూడేళ్ళ పిల్లకి లైసెన్సు ఎవరిస్తారు? ఆ వయసులో పిల్ల ఎవర్నీ అడక్కుండా కదిలించగలిగింది సైకిల్ ఒక్కటే.

నేను సెంటర్‌కి నాలుగు కిలోమీటర్లు సైకిల్ మీదే పోతాను. గుడ్ల ట్రేలు క్యారియర్ మీద, కింద పాత దుప్పటి మడత. ఆరేళ్ళలో పగిలినవి లెక్కపెట్టుకుంటే రెండు ట్రేలు ఉండవు. ఇంట్లో వాళ్ళు నన్ను ఎక్కడికైనా పంపించడం మానేశారు. ఇప్పుడు నేనే వెళ్తాను. ఆ తేడా స్కూటీ ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలియదులే.

చిన్నోడు_2.0 | 8:52

సరే అక్కా, ఒప్పుకున్నా.

పానా_పట్టకారు | 9:30

మాస్టారూ, మాటలు చాలు. ముందు ఆ సీటు దించండి. కడ్డీ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, సుత్తితో కొట్టొద్దు. రాత్రి కిరసనాయిలో, కొబ్బరినూనో వేసి వదిలేయండి, పొద్దున పానాకి లొంగుతుంది. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి ఆనాలి. నేర్చుకునే పిల్లకైతే పాదం మొత్తం ఆనాలి. మొదటి రోజు పెడల్స్ రెండూ విప్పేయండి. కాళ్ళతో నెట్టుకుంటూ పోనివ్వండి. వెనక పట్టుకుని పరిగెత్తడం కన్నా ఇది త్వరగా వస్తుంది. బ్రేక్ షూలు అరిగితే మార్చండి, జత పెద్ద ఖర్చేం కాదు.

పెన్న_ఒడ్డు | 10:10

నేనొక్కటి కలుపుతాను. పిల్లలతో పాటు తల్లుల్నీ పిలవండి. తల్లికి వస్తే పిల్ల సైకిల్ ఇంట్లో వేరేవాళ్ళకి పోదు.

ఒంగోలు_మాస్టారు | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:20

ఆలస్యానికి క్షమించాలి. చెప్పాల్సింది ఉంది.

హెడ్‌మాస్టరు గారు ఆదివారాలు గ్రౌండు తాళం ఇస్తానన్నారు. మొదటి వారం ఆడపిల్లలు ఆరుగురు, తల్లులు ఇద్దరు. ఆ ఇద్దరూ చింతచెట్టు కింద కూర్చుని చూశారు, సైకిల్ ముట్టుకోలేదు. రెండో వారం తల్లులు ఏడుగురు. ఒకావిడ పెడల్స్ తీసిన సైకిల్ మీద గోడ దాకా వెళ్ళి, ఆపడం రాక గోడకి గుద్దుకుని, లేచి నవ్వి మళ్ళీ ఎక్కింది. కొబ్బరినూనె చిట్కా పనిచేసింది.

అంతా బాగుందని కాదు. పల్లె నుంచి ఇద్దరిని వాళ్ళ ఇళ్ళలో ఇంకా పంపట్లేదు. దోవలో ఇటుకబట్టీ దగ్గర కుర్రాళ్ళు మాటలన్నారు. మర్నాడు తల్లుల్లో ముగ్గురు ఆ బట్టీ దాకా నడిచి వెళ్ళి యజమానితో మాట్లాడి వచ్చారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ సోమవారం ఆ పల్లె నుంచి ఐదుగురు కలిసి వచ్చారు, వరసగా. ఆ పాల సైకిల్ పిల్ల కూడా. వాళ్ళ అన్న తెల్లారుజామున పాలు పోసి ఏడింటికల్లా సైకిల్ ఇంటికి చేరుస్తున్నాడట. సీటు దించడం, ఎత్తడం ఇద్దరికీ తంటాగా ఉందని, అన్నే కిందికి ఉంచి మోకాళ్ళు మడిచి తొక్కుతున్నాడట. కొక్కేలు మాత్రం తీయలేదు. ఆ పిల్ల ఒకదానికి పుస్తకాల బ్యాగు, ఒకదానికి అన్నం క్యారేజీ తగిలించుకుని వచ్చింది.

పానా_పట్టకారు | 9:41

కొక్కెం కొసలకి పాత ట్యూబు ముక్క చుట్టి దారంతో కట్టమనండి మాస్టారూ. చున్నీ పట్టుకుంటుంది.